బోర్డుకు చూపే ఒళ్లు

ఎవరింట్లోనైనా రోగం నెమ్మదిస్తే నలుగురికీ చెప్పుకుని సంబరపడతారు. సిద్దిరాములు ఇంట్లో ఆ ఏడు అంతా తిరగబడింది. వీపు మీద పుండ్లు మానుతున్న కొద్దీ తండ్రీ బిడ్డల మొహాలు వాడిపోయాయి. నవ్వకండి. బొగ్గు బాయిల ఊళ్లలో బతికినవాళ్లకు ఇందులో నవ్వొచ్చేది ఏమీ లేదు.

సిద్దిరాములు బెల్లంపల్లి మనిషి. ఉన్న ఊళ్లో బాయి మూతపడ్డాక పక్క ఊరి బాయికి బదిలీ చేస్తే, రోజూ కంపెనీ బస్సులో పోయి వస్తుండేవాడు. టింబర్‌మన్ పని. అంటే భూమి లోపల బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలి మనుషుల మీద పడకుండా దుంగలు నిలబెట్టడం. ముప్పై నాలుగేళ్లు ఆ పనే చేశాడు. ఇంట్లో భార్య కొమురవ్వ, ఒక్కగానొక్క కూతురు నవత. నవత డిగ్రీ చదివింది. చదివి ఏం చేసిందంటే, మంచిర్యాలలో ఒక బట్టల దుకాణంలో పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడి చీరలు విప్పి చూపించడం, కొననివాళ్లు పోయాక వాటిని మళ్లీ మడతపెట్టడం. అక్కడ ఆడపిల్లలు కూర్చోవడానికి స్టూలు కూడా ఉండదు. ఇరవై అయిదేళ్లకే సాయంత్రమయ్యేసరికి దాని పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు.

కంపెనీలో ఒక రూలు ఉంది. పనిచేసే మనిషి జబ్బుపడి, ఇక బాయి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే, ఆయన నౌకరి ఆగిపోయి ఇంట్లో ఒకరికి నౌకరి వస్తుంది. అయితే బోర్డు అలా రాసేనాటికి ఆయన రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు మిగిలి ఉండాలి. ఒక్కరోజు తక్కువైనా అంతే సంగతులు. అందుకే ఆ ఊళ్లలో యాభై అయిదు దాటిన మగవాళ్లు హోటల్ దగ్గర కూడితే వినాలి. ఫలానావాడి గుండెలో రెండు వాల్వులు పోయాయట అని ఒకడంటాడు. వానికేంది, వాని కొడుకు సెటిలైనట్టే అని ఇంకొకడు అసూయగా తలూపుతాడు. బయటివాళ్లకు ఈ మాటలు పాపంగా వినిపించొచ్చు. వేరే దారి ఉంటే వాళ్లు మాత్రం ఎందుకంటారు?

సిద్దిరాములుకు ఆ 'అదృష్టం' ఆలస్యంగా పట్టింది. ముందు నోట్లో పుండ్లు లేచాయి. తంబాకు వల్లనేమో అని తంబాకు మానేశాడు. కారం మానేశాడు. తర్వాత, నడుముకు తల దీపం బ్యాటరీ వేలాడే లాంపు బెల్టు ఒరుసుకునే చోట నీటి పొక్కులు వచ్చాయి. పొక్కు చిట్లితే తోలు ఊడి లోపల ఎర్రగా పచ్చిపుండు. చుట్టుపక్కలవాళ్లు అది సర్పి అనే తోలు జబ్బని తేల్చారు. ఎవరో ముసలాయన వచ్చి జాజు అనే ఎర్రమట్టి పూసి, మంత్రించి పోయాడు. జాజు ఎండి పొలుసుకట్టి, తీసేటప్పుడు దాంతో పాటు ఇంకాస్త తోలు ఊడొచ్చింది. అంటుకుంటుందేమోనని బాయిలో తోటివాళ్లు ఆయన నీళ్ల సీసా ముట్టడం మానేశారు. ముప్పై ఏళ్లు ఒకే డబ్బాలో అన్నం కలుపుకు తిన్నవాళ్లు కూడా కాస్త దూరం జరిగి కూర్చున్నారు. ఆయనకు పుండ్ల కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

చివరికి నవతే సెలవు పెట్టి కరీంనగర్ తీసుకుపోయింది. అక్కడ చర్మం డాక్టరు మధులిక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, వారం తర్వాత పిలిచి రోగం పేరు చెప్పింది. పెంఫిగస్ అట. కొమురవ్వకు నోరు తిరగలేదు.

"ఇది అంటురోగం కాదు పెద్దాయనా. బయటి నుంచి ఒంటికి పట్టింది కాదు," అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "మన ఒంట్ల రోగాలతోని కొట్లాడే పటాలం ఒకటి ఉంటది. మీ పటాలం దారి తప్పి మీ తోలునే శత్రువనుకుంటున్నది. ఈ గోలీలు దాన్ని కూసోబెడతయి. రోగం మొత్తానికి పోదు, అణిగి ఉంటది. ఒక్కటి యాదుంచుకోండి. ఈ గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు. ఒక్కసారిగ ఆపితే రోగం తిరగబడుతది, మనిషి కూలబడుతడు. తగ్గించేది నేనే."

చెప్పడమే కాదు, చీటీ మీద అదే మాట రాసి దాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది. ఆ గీతలు నవత చూసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత తనకు తెలియదని అనుకోవడానికి దానికి వీలు లేకుండా పోయింది.

గోలీలు పనిచేశాయి. రోజుకు నాలుగు. నాలుగు నెలలు తిరిగేసరికి పుండ్లు మూసుకుని నల్లటి మచ్చలు మిగిలాయి. మొహం గుండ్రంగా ఉబ్బింది. ఒక ఆదివారం సిద్దిరాములు కారం వేసిన కోడికూర తిని, కళ్లలో నీళ్లు కారుతుంటే నవ్వాడు. ఆ మరుసటి వారమే బోర్డు నుంచి కాగితం వచ్చింది. సిక్ లీవులో ఉండగా పెట్టుకున్న అర్జీకి పిలుపు అది. ఇంకా ఇరవై రోజులకు హాజరు కావాలి. రెండేళ్ల గడువుకు మిగిలింది నలభై రోజులు. బోర్డు నెలకు ఒక్కసారే కూర్చుంటుంది. ఇదొక్కటే అవకాశం.

కాగితం వచ్చిన సంగతి వినగానే పరశురాములు దిగాడు. సిద్దిరాములుకు తోటి టింబర్‌మన్. మోకాళ్లు పనికిరావని ఆరేళ్ల కిందట బోర్డు రాస్తే కొడుక్కి నౌకరి ఇప్పించుకున్నవాడు. అప్పటి నుంచి ఆ లైను క్వార్టర్లన్నిటికీ బోర్డు విషయాల్లో ఆయనే పెద్ద. పనికిరాని ఆ మోకాళ్లతోనే గబగబా నడిచొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"అంగి ఇప్పరాదె, చూస్త."

సిద్దిరాములు అంగీ విప్పాడు. పరశురాములు చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు.

"మంచిగైనవు గదనే," అన్నాడు, చావు కబురు చెప్పినట్టు. "గిట్ల పోతె వాళ్లేం రాస్తరు? ఫిట్ అని రాస్తరు. పోయి బాయిల దిగు అంటరు."

"కాగితాలున్నయి గద కాకా," అంది నవత. "ముక్క తీసిన రిపోర్టున్నది. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలున్నయి."

"కాగితాలు ఎవలు చూస్తరు బిడ్డా? ఒక్క పూటల యాభై మందిని చూడాలె వాళ్లు. వాళ్లు చూసేది పెయ్యిని, గీ ఒంటిని. కండ్లకు కొట్టాలె. ఆ దినం నా మోకాళ్లు గుమ్మడికాయలోలె ఉబ్బకుంటె నాకు రాస్తురా?"

అంతే అన్నాడు. చాయ తాగి వెళ్లిపోయాడు. మందు ఆపమని ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ నేరం ఆయన మీద వెయ్యడం అన్యాయం.

రెండు రోజుల తర్వాత మంగళవారం. నవతకు దుకాణం సెలవు. పెరట్లో బట్టలు ఉతుకుతుంటే, స్నానాల గది నీళ్లు పోయే తూము దగ్గర తెల్లగా ఏదో కనిపించింది. వంగి చూస్తే సగం కరిగిన గోలీ. పక్కనే ఇంకోటి. మరునాడు దుకాణానికి పోయే ముందు కనిపెట్టి చూసింది. కొమురవ్వ ఎప్పటిలాగే నాలుగు గోలీలు ఆయన అరచేతిలో పోసింది. ఆయన నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, ఏమీ ఎరగనట్టు పెరట్లోకి నడిచాడు. నవత వెనకే వెళ్లింది. తూము దగ్గర ఉమ్మి, తలెత్తేసరికి కూతురు ఎదురుగా నిలబడి ఉంది.

సిద్దిరాములు తడబడలేదు. మూతి తుడుచుకున్నాడు.

"పద్దెనిమిది దినాలు బిడ్డా. గంతే. బోర్డోళ్ల సంతకం కాంగనె మల్ల సురువు చేస్త."

"డాక్టరమ్మ ఆపొద్దన్నది బాపు. రెండు గీతలు గీసి రాసిచ్చింది."

"ఆమె దొడ్డ మనిషి. ఆమెకు బోర్డు సంగతి ఏమెరుక? మీ అవ్వకు చెప్పకు, ఆగమాగం చేస్తది."

నవత నోరు తెరిచింది. 'వద్దు బాపు, నాకు ఆ నౌకరి వద్దు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను అనేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ కాగితం వచ్చిన రోజు నుంచి దాని కళ్ల ముందు ఒక కుర్చీ కదలాడుతోంది. పైన ఫ్యాను తిరుగుతుంటుంది. ఎదురుగా బల్ల. ఎవరూ వచ్చి లేచి నిలబడమని అనరు. సాయంత్రం అయిదింటికి ఇంటికి వచ్చేయొచ్చు. అది పెద్ద ఆశ అని నేననను. కూర్చుని పనిచేయాలనుకోవడం ఆశ ఎలా అవుతుంది? అయినా నోటి దాకా వచ్చిన మాట వెనక్కి పోయి, వేరే మాట బయటపడింది.

"పద్దెనిమిది దినాల మీద ఒక్క దినం గూడ ఎక్కువ వద్దు," అంది.

"వద్దు వద్దు," అని ఆయన తృప్తిగా తలూపాడు. నవత బస్సు ఎక్కి దుకాణానికి వెళ్లిపోయింది.

అయిదు రోజులు ఏమీ కాలేదు. సిద్దిరాములు పొద్దునా సాయంత్రం అద్దం ముందు అంగీ ఎత్తి చూసుకుని విసుక్కున్నాడు. ఆరోరోజు నోరు పొక్కింది. తొమ్మిదోరోజుకు ఛాతీ మీదా వీపు మీదా పొక్కులు లేచాయి. ఈసారి మొదటిసారిలా నెమ్మదిగా ఒక్కొక్కటే రాలేదు. మందు ఇన్నాళ్లూ కూర్చోబెట్టిన పటాలం పగబట్టి లేచినట్టు అరచేయంత పొక్కులు వచ్చాయి. ఒత్తుకుంటే పక్క తోలు కూడా జారిపోయింది. దుప్పటి వీపుకు అంటుకుపోయేది. కొమురవ్వ వెనక లైనులో ఉన్నవాళ్ల పెరట్లో లేత అరిటాకులు అడుక్కొచ్చి, నూనె రాసి, మంచం మీద పరిచి వాటి మీద పడుకోబెట్టింది. గంజి తప్ప గొంతు దిగేది కాదు. గంజిలో కాస్త ఉప్పు ఎక్కువైనా పెద్ద మనిషి పిల్లాడిలా ఏడ్చేవాడు.

"మందు పని చేస్తలేదు, మల్ల కరీంనగర్ పోదాం పట్టు," అని కొమురవ్వ రోజూ పోరింది.

"బోర్డు అయినంక పోదాం అవ్వా," అంది నవత. ఒక్కసారి కాదు, నాలుగు సార్లు అంది.

ఇంకేం చెయ్యగలదు ఆ తల్లి? గోలీలు వేళకు ఇస్తూనే ఉంది, రోగం పెరుగుతూనే ఉంది. ఎవరి కన్ను పడిందోనని దిష్టి తీసింది. వేములవాడ రాజన్నకు మొక్కింది. మనిషి లేచి తిరిగితే కుటుంబమంతా వచ్చి కోడెను గుడి చుట్టూ తిప్పి కడతామని, పసుపు బట్టలో పైసలు ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. ముడుపు కడుతుంటే, "నువ్వు గూడ మొక్కు బిడ్డా, నీ మాట ఇంటడు," అంది. నవత పక్కన నిలబడి చేతులు జోడించింది. కళ్లు మూసుకుంది గానీ దేవుణ్ని ఏమని అడగాలో దానికి తెలియలేదు. మొక్కవలసినంత పని లేదు, తూము దగ్గర పడుతున్న గోలీలు కడుపులో పడితే చాలు. ఆ మాట తల్లితో అనలేక, దేవుడితోనూ అనలేక ఊరికే నిలబడింది.

పదిహేనోరోజు సిద్దిరాములు కూతుర్ని దగ్గరికి పిలిచాడు. నోరు సరిగా తెరుచుకోవడం లేదు.

"వీపు నాకు కానస్తలేదు. చూసి చెప్పు. ఎట్లున్నది? కండ్లకు కొడుతదా?"

అరిటాకు మీద నుంచి ఆయన్ను పక్కకు ఒత్తిగిలజేసి చూసింది. మెడ నుంచి నడుము దాకా తోలు లేదు. నవత ఆయన్ను మెల్లగా మళ్లీ ఆకు మీదికి వాల్చింది. "కొడుతది బాపు," అంది. ఆయన మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. ఆ సంతోషం చూశాక దానికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

చివరి రెండు రోజులు వాంతులు మొదలయ్యాయి. లేచి కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోయేవాడు. పుండ్ల నీరసం అనుకున్నారంతా. నాలుగు నెలలు వాడిన ఆ గోలీలు ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు దానంతట అది నిలబడలేదని, డాక్టరమ్మ కూలబడతాడన్నది ఈ సంగతేనని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

బోర్డు రోజున వ్యాను మాట్లాడుకుని, వెనక సీటు తీసేసి, పరుపు వేసి తీసుకుపోయారు. గోదావరి దాటి హెడ్డాఫీసున్న ఊరు చేరేసరికి వరండా నిండా మనుషులు. కర్రలు పట్టుకున్నవాళ్లు, దగ్గేవాళ్లు, ఎక్స్‌రే కవర్లు ఒళ్లో పెట్టుకున్నవాళ్లు. ఒంటి మీద మెత్తటి పాత ధోవతి తప్ప ఏమీ లేకుండా సిద్దిరాములును చక్రాల కుర్చీలో తీసుకొస్తుంటే అందరూ జరిగి దారి ఇచ్చారు. ఎవరో అయ్యో అన్నారు. సిద్దిరాములు నవత చెయ్యి నొక్కాడు. అందరికంటే తనదే పెద్ద రోగమని ఆయనకు అర్థమైపోయింది, ఆ అయ్యో ఆయనకు సర్టిఫికెట్టులా వినిపించింది.

లోపల ముగ్గురు డాక్టర్లు. అందులో పెద్దాయన ధోవతి పక్కకు తీసి చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముందు కాగితాలు అడగలేదు. బీపీ చూశాడు. రెండోసారి చూశాడు.

"గోలీలు వాడుతున్నావా?"

"వాడుతున్న సార్," అన్నాడు సిద్దిరాములు. "ఒక్క పూట ఇడ్వలే."

పెద్ద డాక్టరు నవత వైపు చూశాడు. నవత కిటికీ వైపు చూసింది.

అప్పుడు ఆయన ఫైలు తెరిచాడు. పరశురాములు చెప్పింది ఎంత తప్పో నవతకు ఆ నిమిషంలోనే తెలిసింది. ఎందుకంటే ఆ మనిషి ప్రతి కాగితమూ చదివాడు. ముక్క పరీక్ష రిపోర్టు చదివాడు, డాక్టరమ్మ చీటీలు తేదీల వారీగా పెట్టుకుని చదివాడు. చదివాక నవతను బయట వరండాలోకి పిలిచాడు.

"అమ్మా, ఇవాళ ఈయనకు మేం ఏమీ రాయలేం. ఈ స్థితిలో ఉన్న మనిషిని ముందు ఆసుపత్రిలో చేర్చాలి. ప్రాణం మీదికొచ్చింది. నెమ్మదించాక మళ్లీ బోర్డుకు పంపుతారు."

"మల్ల బోర్డంటే వచ్చే నెల గద సార్. ఇంక ఇరవై దినాలైతే బాపు సర్వీసు రెండేండ్లకు తక్కువైతది. ఇయ్యాల రాయరా సార్."

"రూలు నా చేతిలో లేదమ్మా. వైద్యం జరుగుతుండగా, ఎటూ తేలని కేసు మీద సంతకం పెట్టనివ్వరు." ఆయన ఫైలు మూయబోయి ఆగాడు. నిజంగానే బాధపడుతున్నట్టున్నాడు. "అసలు మాకు ఈ రిపోర్టు ఒక్కటే చాలు. బాయిలో వేడి, చెమట, ఆ బెల్టు రాపిడి... ఈ జబ్బున్న మనిషి కింద పని చెయ్యకూడదని ఎవరైనా రాస్తారు. పుండ్లు మాని ఉండగా వస్తే అయిదు నిమిషాల పని. నెల కిందట ఎట్లా ఉండేది?"

"మానినయి సార్," అంది నవత.

ఆయన అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని ఎవరికో చెప్పి లోపలికి వెళ్లాడు. వరండాలో వాళ్లంతా, పని అయిందా బిడ్డా అని అడుగుతున్నారు.

కరీంనగర్‌లో మధులిక ఆయన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "గోలీలు ఎప్పుడు ఆపిండ్రు?"

"ఆపలే మేడం," అంది కొమురవ్వ. "రాజన్న మీద ఒట్టు. నా చేతితోని నాలుగు గోలీలు లెక్కవెట్టి ఇచ్చిన, ఒక్క దినం తప్పలే."

"ఆపకుంటె బీపీ గిట్ల పడిపోదమ్మా. నిజం చెప్పుండ్రి. సూది ఎంత ఇయ్యాల్నో నాకు తెల్వాలె."

కొమురవ్వ బిక్కచచ్చిపోయి మళ్లీ ఒట్టు పెట్టుకోబోయింది. అబద్ధమాడని మనిషి చేత అబద్ధపు ఒట్టు వేయించడం నవత ఇక భరించలేకపోయింది.

"ఇరవై దినాలాయె మేడం. బాపు నోట్లేసుకుని తూముల ఉమ్ముతుండె."

డాక్టరమ్మ తిట్టలేదు. నర్సుకు ఏవో చెబుతూ గబగబా మంచం దగ్గరికి వెళ్లింది. కొమురవ్వ మాత్రం కూతురి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"నీకు ఎరుకేనా?"

నవత తలదించుకుంది.

"ఎరుకుండి, నా పక్కన నిలవడి రాజన్నకు దండం వెట్టినవా?"

తిట్టినా కొట్టినా బాగుండేది. కొమురవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆ రోజు నుంచి కూతురితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు, టిఫిన్ డబ్బా మాత్రం ఎప్పటిలా తిన్నవా లేదా అని మూత తెరిచి చూసేది.

వారం రోజులు సూదులు, సెలైన్లు. పుండ్లకు చీము పట్టింది, జ్వరం వచ్చింది. మొదటిసారి అంత తొందరగా ఈసారి మందు పట్టదని, అసలు గండం ఇంకా దాటలేదని మధులిక చెప్పింది. అయినా రెండో వారానికి కొత్త పొక్కులు ఆగాయి. బీపీ నిలబడింది. మూడో వారంలో సూదులు తీసేసి మళ్లీ గోలీలు మొదలుపెట్టారు. నవత దుకాణానికి పోవడం మానేసింది. వాళ్లు ఇంకో పిల్లను పెట్టుకున్నారు. బోర్డు సంగతి తండ్రికి తనే చెప్పింది, రాయలేదని. కాగితాలుంటే చాలన్న మాట మాత్రం చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

గడువు దాటిన రోజున పరశురాములు బత్తాయిలు తీసుకుని చూడటానికొచ్చాడు. తల ఎత్తకుండా వాటిని సంచిలోంచి ఒక్కొక్కటే తీసి పెట్టాడు. సిద్దిరాములే ఆయన్ను దగ్గరికి రమ్మని చెవిలో ఏదో అడిగాడు. పరశురాములు అటూ ఇటూ చూసి తలూపాడు. ఏం అడిగాడో నవతకు మరునాడు పొద్దున తెలిసింది.

కొమురవ్వ వేడినీళ్ల కోసం కిందికి వెళ్లింది. నవత నాలుగు గోలీలు అరచేతిలో పోసుకుని, మంచం పక్కన కూర్చుంది. రోజూ తనే వేసి, నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూస్తోంది.

"నోరు తెరువు బాపు."

"ఇగ వద్దు బిడ్డా."

"ఏంది వద్దు?"

ఆయన గొంతు మామూలుగా ఉంది, షిఫ్టు మారిన సంగతి చెబుతున్నట్టు ఉంది. "సర్వీసుల ఉండంగ మనిషి పోతె, రెండేండ్ల రూలు అడ్డం రాదు. ఇంట్ల ఒగలకు నౌకరి ఇస్తరు. పరశురాములును అడిగిన. నిజమే అన్నడు. నాకింక రెండేండ్లకు జర తక్కువున్నది. సర్వీసులనే ఉన్న."

వార్డులో పక్క మంచాల వాళ్లు ఇడ్లీలు తింటున్నారు, ఎవరో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నారు. అది తండ్రి కాళ్లు పట్టుకుంది. పుండు మీద చెయ్యి పడిందేమో, ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నాకు ఆ నౌకరి వద్దు బాపు. నీ కాల్మొక్కుత. చీరెలు మడతవెట్టుకుంట బతుకుత. ఇంకో దుకాణం చూసుకుంట. వద్దు నాకు."

సిద్దిరాములు కూతుర్ని చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చిన్నప్పుడు బడికి పోనని ఏడిస్తే ఎత్తుకుని ఎలా చూసేవాడో అలాగే చూశాడు. ఊపిరి తీసుకుని, మెల్లగా అన్నాడు.

"గా దినం గీ మాట అనుంటె మింగెటోన్నే బిడ్డా."

ఆ తర్వాత ఆయన పెదవులు బిగించుకున్నాడు. నవత ఏడ్చింది, ఒట్లు పెట్టింది, తల్లి పేరు చెప్పింది, దేవుడి పేరు చెప్పింది. దవడ పట్టుకుని తెరవబోతే పెదవి చివర తోలు చిట్లి రక్తం చెమర్చింది. భయపడి చెయ్యి తీసేసింది. కొమురవ్వ వేడినీళ్లతో వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఏమైందని కూడా అడగకుండా చెంబు కింద పెట్టింది.

నర్సు ట్రే తోసుకుంటూ వచ్చింది.

"గోలీలు మింగిండా?"

"మింగుతలేడు సిస్టర్," అంది నవత.

"ఏం పెద్దాయనా, బిడ్డకు గిట్ల తిప్పలు పెట్టవడితివి? డాక్టర్ రౌండ్స్‌కు వస్తది, అప్పటికల్ల మింగియ్యుండ్రి," అని నర్సు కాగితం మీద ఏదో రాసుకుని పక్క మంచానికి వెళ్లింది.

మేడం రావడానికి ఇంకా రెండు గంటలుంది. నవత గోలీలు పట్టుకుని అలాగే కూర్చుంది. చెమటకు అవి మెత్తబడి అరచేతికి అంటుకున్నాయి. తండ్రి కళ్లు మూసుకున్నాడు. కింది పెదవి మీద పుండు ముప్పాతిక మానింది. పెదవులు మాత్రం గట్టిగా బిగించుకునే ఉన్నాడు.